విప్పడానికే కట్టే భవనం

(వేడుకలు, ప్రదర్శనలు, ఆటల పోటీల కోసం వేసే తాత్కాలిక భవనాల గురించి సివిల్ ఇంజనీరింగ్ విద్యార్థులు, ఈవెంట్ నిర్వాహకుల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనకున్నవాళ్ళకు వినపడుతోందా? సరే, మొదలుపెడతాను.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఆ రెండూ ఒకే వారంలో చేయడం నా వృత్తి. (నవ్వులు) సోమవారం పొద్దున వెళ్తే ఖాళీ మైదానం. శుక్రవారానికి అక్కడ ఐదు వేల మంది కూర్చునే హాలు ఉండాలి. వేదిక, వంటశాల, మరుగుదొడ్లు, టికెట్ కౌంటర్లు అన్నీ ఉండాలి. ఆపై సోమవారానికి మళ్ళీ ఖాళీ మైదానం. మధ్యలో ఆ ఐదు వేల మందీ మా భవనాన్ని గమనించకుండా వెళ్ళిపోతే మేం పాసైనట్టు.

ఇలాంటి వాటిని మాడ్యులర్ భవనాలంటాం. ఆ మాటకు పెద్ద అర్థం వెతకక్కర్లేదు. ఒకే కొలతల ముక్కలు ఫ్యాక్టరీలో తయారవుతాయి, లారీలో వస్తాయి, బోల్టులతో, పిన్నులతో కలుస్తాయి, మళ్ళీ విడిపోతాయి. మీరు ఎక్కువగా చూసేవి మూడు రకాలు. అల్యూమినియం ఫ్రేములకు పీవీసీ పూత పూసిన గుడ్డ బిగించే పెద్ద హాళ్ళు ఒకటి. క్యాబిన్లు, కంటైనర్ల లాంటి పెట్టెలు ఇంకొకటి. ప్రేక్షకుల గ్యాలరీలకు, వేదికలకు వాడే స్కాఫోల్డింగ్, అంటే పరంజా గొట్టాల కట్టడాలు మూడోది. పైకి ఎంత అలంకరణ ఉన్నా లోపల ఈ మూడింట్లో ఏదో ఒకటి, లేదా మూడూ కలిసి ఉంటాయి.

ఇదంతా కొత్త విద్య అనుకునేవాళ్ళకు నేనెప్పుడూ 1851 సంగతి చెబుతాను. ఆ ఏడాది లండన్ హైడ్ పార్కులో ప్రపంచ ప్రదర్శన పెట్టాలనుకున్నారు. పోటీ పెడితే 245 నమూనాలు వచ్చాయి, ఒక్కటీ కుదరలేదు. సమయం దగ్గరపడుతోంది. పైగా పార్కులో శాశ్వత కట్టడం ఉండకూడదు, ప్రదర్శన అయ్యాక తీసేయాలి. అప్పుడు జోసెఫ్ పాక్స్‌టన్ అనే ఆయన ఒక నమూనా తెచ్చాడు. ఆయన చదువుకున్న ఆర్కిటెక్ట్ కాడు, తోటమాలి. మొక్కల కోసం గాజు ఇళ్ళు కట్టిన అనుభవం ఉంది. భవనం ఎలా ఉండాలనే దానికన్నా ముందు గాజు పలక ఎంత పొడవు వస్తుందని చూశాడు. ఆ రోజుల్లో సులువుగా దొరికే పెద్ద పలక పొడవు 49 అంగుళాలు, వెడల్పు 10 అంగుళాలు. పైకప్పు కొలతలు ఆ పలకను బట్టే నడిచాయి. స్తంభాలు 24 అడుగుల గడుల్లో పడ్డాయి. మొత్తం భవనం పొడవు 1,848 అడుగులు, గాజు పలకలు దాదాపు మూడు లక్షలు. అంత పెద్దదాన్ని ఏడాది తిరక్కుండా లేపారు. ఇనప స్తంభాలు లోపల బోలుగా ఉండేవి, పైకప్పు మీది వాన నీరు వాటిలోంచే కిందికి పోయేది. ఒకే ముక్కతో రెండు పనులు చేయించడమంటే ఇదీ. అదే మన క్రిస్టల్ ప్యాలెస్.

ఈ కథలో నాకు బాగా నచ్చే భాగం వేరే ఉంది. ఇంత సన్నటి ఇనుము మీద పై అంతస్తు గ్యాలరీలు జనాన్ని మోస్తాయా అని అప్పట్లో చాలామంది భయపడ్డారు. లెక్కలు చూపిస్తే భయం పోలేదు. అందుకని ఒక గ్యాలరీ ముక్కను కట్టి, దాని మీద పనివాళ్ళను నడిపించారు, ఎగిరించారు, సైనికులతో కదం తొక్కించారు. మనం ఇప్పుడు కంప్యూటర్లో చేసే పరీక్షను వాళ్ళు మనుషుల కాళ్ళతో చేశారు. ప్రదర్శన ముగిశాక భవనాన్ని విప్పి, సిడెన్‌హామ్ అనే చోటికి తీసుకెళ్ళి, మార్పులు చేసి, పెద్దది చేసి మళ్ళీ కట్టారు. 1854లో తెరిచారు. 1936లో అగ్నిప్రమాదంలో పోయేదాకా అది నిలిచింది. కొన్ని నెలల కోసం అనుకున్న భవనం ముక్కలు ఎనభై ఏళ్ళకు పైగా బతికాయి.

సరే, అసలు విషయానికి వద్దాం. మామూలు భవనానికి, మా భవనానికి ఉన్న తేడా ఒక్కటే. బరువు.

తొమ్మిది అంగుళాల ఇటుక గోడను చదరపు మీటరు చొప్పున తూస్తే 400 కిలోలకు పైనే ఉంటుంది. మా హాలు గోడ గుడ్డ అదే చదరపు మీటరుకు కిలో కూడా ఉండదు. తేలిగ్గా ఉంటేనే లారీ ఎక్కుతుంది, నలుగురు మనుషులు ఎత్తగలరు, నాలుగు రోజుల్లో లేస్తుంది. కానీ ఇటుక ఇల్లు గాలికి ఎందుకు లేచిపోదంటే దానికి బరువుంది కాబట్టి. ఆ బరువు ఇంటివాళ్ళు అడక్కుండానే వచ్చింది. మాకు అది రాదు. ఎక్కడి నుంచో తెచ్చుకోవాలి. అందుకే నా దగ్గర చేరే కొత్త ఇంజనీర్లకు మొదటి నెల అంతా ఒకటే ప్రశ్న వేస్తాను: ఇది కూలదని నాకు తెలుసు, ఎగరదని నువ్వు చూపించు.

ఒక చిన్న లెక్క చూడండి. గాలి వేగాన్ని సెకనుకు మీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, మళ్ళీ 0.613తో గుణిస్తే చదరపు మీటరుకు ఎన్ని న్యూటన్ల ఒత్తిడి పడుతుందో వస్తుంది. గంటకు 50 కిలోమీటర్ల గాలికి అది సుమారు 12 కిలోల బరువుతో సమానం. గంటకు 100 కిలోమీటర్లయితే 24 కాదు, 48. వేగం రెండింతలైతే ఒత్తిడి నాలుగింతలు. ఇప్పుడు 20 మీటర్ల వెడల్పు, 30 మీటర్ల పొడవున్న హాలు పైకప్పు తీసుకోండి. 600 చదరపు మీటర్లు. ఆ 48 కిలోల ఒత్తిడి దాని మీద అంతటా పైకి లాగిందనుకుంటే దాదాపు 29 టన్నులు. నిజానికి కప్పు మీద ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది, అంచుల్లో ఎక్కువ, కొన్ని చోట్ల తక్కువ. అయినా ఈ అంకె గుర్తుంచుకోండి. గాలి వచ్చే వైపు పెద్ద తలుపు తెరిచి ఉంటే పరిస్థితి ఇంకా మారుతుంది. కప్పును బయటి గాలి పైకి లాగుతుంది, లోపల దూరిన గాలి పైకి తోస్తుంది. రెండూ కలుస్తాయి. గాలి పెరిగితే మేం ముందు తలుపులు మూయిస్తాం. "ఉక్కగా ఉంది, తెరవండి" అని తిట్టుకునేవాళ్ళు నన్ను క్షమించాలి.

మరి ఆ బరువు ఎలా తేవాలి? మట్టి నేల అయితే మీటరు పొడవు ఉక్కు మేకులు దిగ్గొడతాం. అప్పుడు నేల బరువే మన బరువు. కానీ మేకు పట్టు నేలను బట్టి ఉంటుంది. బంకమట్టిలో ఒకలా, ఇసుకలో ఒకలా, వాన పడ్డాక మరోలా. అందుకే పని మొదలయ్యే ముందు నాలుగైదు మేకులు కొట్టి, వాటిని యంత్రంతో లాగి ఎంతకు ఊడుతున్నాయో చూస్తాం. తారు నేల మీద, రాతి పలకల మీద కొట్టనివ్వరు. నేల కింద కేబుళ్ళు, నీటి పైపులు ఉన్నచోట మనమే కొట్టకూడదు. అప్పుడు కాంక్రీటు దిమ్మలు గానీ, నీళ్ళ ట్యాంకులు గానీ పెట్టాలి. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే ఒక టన్ను. నిండితేనే.

దిమ్మల దగ్గర అందరూ చేసే పొరపాటు ఒకటుంది. టన్ను దిమ్మ పెట్టాం కదా, టన్ను లాగుడు తట్టుకుంటుంది అనుకుంటారు. నిటారుగా పైకి లాగితే తట్టుకుంటుంది. పక్కకు లాగితే దిమ్మకూ నేలకూ మధ్య రాపిడి మాత్రమే ఆపాలి. రాపిడి బరువులో నలభై శాతం అనుకుంటే టన్ను దిమ్మ ఆపేది 400 కిలోలు. తడి గడ్డి మీద ఇంకా తక్కువ. తాడు ఏటవాలుగా కట్టారంటే అది పక్కకు లాగుతూనే దిమ్మను కాస్త పైకి కూడా ఎత్తుతుంది. నేల మీద దిమ్మ బరువు తగ్గింది, దాంతో రాపిడీ తగ్గింది. అంటే గాలి పెరిగేకొద్దీ అవసరం పెరుగుతుంది, పట్టు తగ్గుతుంది.

ఇది కాగితం లెక్క కాదు. 2011 ఆగస్టు 13న అమెరికాలోని ఇండియానా రాష్ట్ర ప్రదర్శనలో సంగీత కార్యక్రమానికి ముందు వేదిక పైకప్పు కూలి ఏడుగురు చనిపోయారు. ఆ కప్పును నిలబెట్టిన తాళ్ళు రోడ్ల మధ్య పెట్టే కాంక్రీటు అడ్డుగోడలకు కట్టి ఉన్నాయి. గంటకు 95 కిలోమీటర్ల దగ్గరున్న ఈదురుగాలికి ఆ గోడలు జరిగాయి. అంత బరువైన గోడలు జరుగుతాయని చూసేవాళ్ళకు అనిపించదు. దర్యాప్తులో ఇంకో మాట కూడా బయటికొచ్చింది. వాతావరణం చెడుతోందని తెలిసినా జనాన్ని ఖాళీ చేయించమని చెప్పే అధికారం ఎవరిదన్న స్పష్టత లేదు. నాకు ఈ రెండోదే ఎక్కువ భయం. తాడు లెక్క నేను సరిచేయగలను. ముగ్గురు మేనేజర్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ నిలబడితే ఏ ఇంజనీరూ ఏం చేయలేడు. అందుకని మా ఒప్పందంలో గాలి అంకెలు రాస్తాం. ఇంత వేగం దాటితే జాగ్రత్త, ఇంత దాటితే ఖాళీ చేయించడం. ఎదురుగా ఒకే ఒక్క మనిషి పేరు, ఫోన్ నంబరు. గాలి వేగం కొలిచే పరికరం కింద కాదు, కప్పు ఎత్తున ఉంటుంది.

జర్మనీ చట్టంలో ఇలాంటి కట్టడాలను "ఎగిరే కట్టడాలు" అంటారు. చోటు మారుతూ తిరిగేవని అర్థం. పేరు పెట్టినవాళ్ళకు గాలి సంగతి కూడా తెలిసే ఉంటుంది. (నవ్వులు) ఆ పద్ధతి మంచిది. భవనంతో పాటు ఒక తనిఖీ పుస్తకం తిరుగుతుంది. కట్టిన చోటల్లా ఎవరు చూశారో, ఏం చూశారో అందులో ఉంటుంది. మన లారీకి కాగితాలు ఉన్నట్టే భవనానికి కూడా.

ఇక జనం. గ్యాలరీ మీద కూర్చున్న జనం పెద్ద సమస్య కాదు, లేచి ఎగిరే జనం సమస్య. నిమిషానికి 120 దెబ్బల పాట అంటే సెకనుకు రెండు ఎగుర్లు. ఉయ్యాలను సరైన సమయానికి కొంచెం కొంచెం తోస్తే ఎంత ఎత్తుకు పోతుందో మీకు తెలుసు. గ్యాలరీకి కూడా తనదైన ఊపు ఉంటుంది. ఆ ఊపు పాట వేగానికి దగ్గరగా ఉంటే రెండు వేల మంది కలిసి ఉయ్యాల ఊపుతున్నట్టే. అది పైకీ కిందికీ కన్నా పక్కలకు ఊగడం ప్రమాదం. దాన్ని ఆపేది ఏటవాలు గొట్టాలు, బ్రేసింగ్ అంటాం. 1992 మేలో ఫ్రాన్స్‌కు చెందిన కోర్సికా దీవిలో బాస్టియా పక్కనున్న ఫురియానిలో ఫుట్‌బాల్ మ్యాచ్ కోసం హడావుడిగా లేపిన తాత్కాలిక గ్యాలరీ మ్యాచ్ మొదలవకముందే కూలింది. రెండు వేల మందికి పైగా గాయపడ్డారు, ప్రాణాలు పోయాయి. ఆ ఫొటోలు నా విద్యార్థులకు చూపిస్తాను, ఇక్కడ చూపించను.

బ్రేసింగ్ గురించి నా సొంత అనుభవం ఒకటి. రాత్రి తనిఖీ చేసి అంతా సరిగా ఉందని సంతకం పెట్టి వెళ్ళాను. పొద్దున వచ్చి చూస్తే ముందు వైపు ఒక గడిలో రెండు ఏటవాలు గొట్టాలు లేవు. అలంకరణ చేసే కుర్రాడు విప్పి పక్కన నీటుగా పేర్చి పెట్టాడు. "సార్, ఫొటోలో అడ్డం వస్తున్నాయి. మిగతావి చాలా ఉన్నాయిగా" అన్నాడు. అతనిది తప్పనలేను. అది ఎందుకుందో అతనికి ఎవరూ చెప్పలేదు. అప్పటినుంచి విప్పకూడని గొట్టాలకు ఎర్ర రంగు వేయిస్తున్నాను. సంతకం కూడా రాత్రి పెట్టను. జనం లోపలికి వచ్చే గంట ముందు, ఇంకోసారి నడిచి చూశాకే పెడతాను.

నేల గురించి రెండు మాటలు చెప్పి ముందుకు వెళ్తాను. గొట్టం కాలు మీద మూడు టన్నులు పడిందనుకోండి. కింద 15 సెంటీమీటర్ల చదరపు పలక ఉంటే చదరపు సెంటీమీటరుకు 13 కిలోల ఒత్తిడి. మెత్తటి నేల ఒక కిలో దగ్గరే కుంగడం మొదలుపెట్టొచ్చు. అదే పలక కింద 60 సెంటీమీటర్ల చదరపు మందపాటి చెక్క వేస్తే ఒత్తిడి కిలోకన్నా తగ్గిపోతుంది. ఒక్క చెక్క ముక్క. లారీలో చోటు లేదని ముందుగా వదిలేసేది కూడా దాన్నే.

కంటైనర్ల మీద ఇప్పుడు అందరికీ మోజు. నాకూ ఇష్టమే, కానీ కళ్ళు మూసుకుని కాదు. ఓడలో ఎక్కించే 20 అడుగుల కంటైనర్ బయటి వెడల్పు 2.44 మీటర్లు, లోపల 2.35. ఎత్తు లోపల సుమారు 2.39. దానికి వేడి ఆపే పొర, సీలింగు, నేల వేస్తే పొడుగు మనిషి తల వంచుకోవాల్సి వస్తుంది. బరువంతా నాలుగు మూలల స్తంభాలు మోస్తాయి, ఒకదాని మీద ఒకటి పేర్చగలిగేది వాటివల్లే. అయితే అటూ ఇటూ ఒరిగిపోకుండా పట్టి ఉంచేది మడతల మడతల ఇనప రేకు గోడ. ఆ గోడను కోసి పెద్ద గాజు కిటికీ పెట్టారంటే అది ఇక కంటైనర్ కాదు, నాలుగు కాళ్ళ బల్ల. కోసిన చోట ఉక్కు చట్రం వెల్డింగ్ చేసి పోయిన బిగువు తిరిగి ఇవ్వాలి. చట్రం వేశాక ఖర్చు చూసుకుంటే మనుషుల కోసమే తయారుచేసిన క్యాబిన్ తెచ్చుకుంటే పోయేదనిపిస్తుంది. అలాంటి క్యాబిన్లలో కొన్నింటిని మడిచి, నాలుగింటిని ఒక క్యాబిన్ చోటులో పేర్చి లారీలో పంపొచ్చు. ఖాళీ కంటైనర్‌లో మోసేది గాలినే.

నిప్పు గురించి చెప్పకుండా వదిలేస్తే తప్పవుతుంది. 1944 జులై 6న అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో సర్కస్ డేరా అంటుకుని 160 మందికి పైగా చనిపోయారు. వాన నీరు లోపలికి రాకుండా ఆ డేరా గుడ్డకు మైనాన్ని పెట్రోలులో కరిగించి పూశారు. నీటి సమస్యకు మందు వేస్తూ నిప్పును పిలిచారు. ఇప్పటి గుడ్డ మంటను పాకనివ్వదని పరీక్ష చేసిన ధ్రువపత్రంతో వస్తుంది. ఆ పత్రం మీద నంబరు, గుడ్డ మీద ముద్రించిన నంబరు ఒకటేనా అని చూడండి. చిరిగినచోట వేసిన అతుకు కూడా అదే రకం గుడ్డేనా చూడండి. తలుపుల సంగతి మీకు తెలుసు. ఒక్క మాట చేరుస్తాను. ఈ భవనంలోకి వచ్చే ప్రతి మనిషికీ అది మొదటిసారి. వచ్చిన దారినే బయటికి పోవాలనుకుంటాడు. మిగతా దారులు వాడి కళ్ళకు బలవంతంగా కనిపించాలి.

ఇప్పుడు విప్పడం. మీలో చాలామంది బడ్జెట్లో కట్టడానికి నాలుగు రోజులు, విప్పడానికి ఒక రాత్రి రాస్తారు. కార్యక్రమం అయిపోయింది, అందరూ అలసిపోయారు, చీకటి, మైదానం యజమాని తొందర పెడుతున్నాడు. సగం గుడ్డ తీసేసిన హాలు పూర్తి హాలుకన్నా బలహీనం. ఆ స్థితిలో గాలి వస్తే మొత్తం పోతుంది. విప్పే క్రమం కట్టే క్రమానికి తిరగేసింది, అంతే అనుకుంటారు. లారీ దగ్గరికొచ్చేసరికి ఇంకో చిక్కుంది. లారీలో మొదట ఎక్కించింది చివర దిగుతుంది. తర్వాతి చోట మొదట కావలసింది కాళ్ళ కింద పలకలు. ఇక్కడ చివర విప్పేవీ అవే, కాబట్టి చివర ఎక్కుతాయి, అక్కడ మొదట దిగుతాయి. వినడానికి ఎంత బాగుందో! కానీ ఎవరో ఒకరు బరువైనవి అడుగున ఉండాలని వాటిని ముందే తోసేస్తారు. అక్కడ లారీ మొత్తం దింపితే గానీ పని మొదలవదు.

పెద్ద ఎత్తున ఇది సరిగ్గా చేసినవాళ్ళు ఉన్నారు. 2000లో జర్మనీలోని హానోవర్ ప్రదర్శనకు జపాన్ ఆర్కిటెక్ట్ షిగెరు బాన్ కాగితం గొట్టాలతో హాలు కట్టాడు. పునాదుల్లో కాంక్రీటు బదులు ఇసుక నింపిన పెట్టెలు వాడాడు. విప్పాక ఏం మిగులుతుందన్న ప్రశ్నతోనే ఆయన మొదలుపెట్టాడు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో 12,000 సీట్ల బాస్కెట్‌బాల్ హాలును దాదాపు 1,000 టన్నుల ఉక్కుతో కట్టి, తర్వాత విప్పేశారు. 2022 ఫుట్‌బాల్ ప్రపంచకప్ కోసం ఖతర్‌లో 974 కంటైనర్లతో స్టేడియం కట్టారు, ఆ దేశం ఫోన్ కోడ్ కూడా 974. పూర్తిగా విప్పేస్తామని చెప్పే కట్టారు. కానీ 2024 డిసెంబరులో కూడా అక్కడ మ్యాచ్‌లు జరిగాయి. దీన్ని తప్పుపట్టను. నేను అడిగేది వేరు. విప్పిన ముక్కలను ఎవరు తీసుకుంటారో, ఎక్కడ మళ్ళీ కడతారో కట్టకముందే తెలియాలి. అది తెలియని మాడ్యులర్ భవనం ఎక్కువ ఉక్కు తిన్న మామూలు భవనమే. విప్పేలా కట్టాలంటే ప్రతి అతుకులో బోల్టులు, పలకలు అదనం. ఒక్కసారే వాడితే ఆ అదనమంతా వృథా.

ప్రశ్నలు ఏమైనా ఉంటే అడగండి. ఆ... మీరమ్మా.

(సభలోంచి ఒక విద్యార్థిని: సార్, వర్షం గురించి చెప్పలేదు. గాలికన్నా వానే ఎక్కువ వస్తుంది కదా?)

మంచి ప్రశ్న. గుడ్డ బిగువుగా ఉంటే వాన జారిపోతుంది. వదులుగా ఉంటే ఒక గుంట పడుతుంది, నీళ్ళు నిలుస్తాయి, ఆ బరువుకు గుంట పెద్దదవుతుంది, ఇంకా నీళ్ళు చేరతాయి. పది సెంటీమీటర్ల లోతు నీళ్ళంటే చదరపు మీటరుకు వంద కిలోలు. ఫ్రేము వంగిపోతుంది. కింద నుంచి కర్రతో పొడిచి నీళ్ళు తోసేస్తుంటారు చూడండి, అది చేయొద్దు. అంత బరువు ఒక్కసారిగా పక్క గడిలోకి దొర్లితే అక్కడ తెగుతుంది. కింద ఉన్నవాళ్ళను ముందు పక్కకు పంపండి. వాన రాకముందే బిగువు చూసుకోండి. ఇంకొకరు?

(సభలోంచి: సార్, పని పూర్తయిందని మీరు ఎప్పుడు అనుకుంటారు?)

పిన్నులు లెక్క సరిపోయినప్పుడు. మా పెట్టెల మీద ఎన్ని పిన్నులు వెళ్ళాయో రాసి ఉంటుంది. తిరిగొచ్చినవి లెక్కపెడతాం. మూడు తక్కువైతే లారీ ఆగుతుంది. చక్రాలున్న అయస్కాంతం ఒకటుంది, దాన్ని గడ్డి మీద తోసుకుంటూ ఈ చివర నుంచి ఆ చివరికి తిరుగుతాం. ఒకసారి రెండు గంటలు తిరిగాం. డ్రైవరు విసుక్కున్నాడు, మూడు పిన్నులకు ఇంతనా అని. మర్నాడు పొద్దున అక్కడ పిల్లలు చెప్పుల్లేకుండా ఆడుకుంటారు. మూడోది దొరికాకే బయల్దేరాం.